హారంలో ఎవరున్నారు?
(పాఠకుల ప్రశ్న – డాక్టరు జవాబు)

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాం. మావారికి 58 ఏళ్లు, ఆరేళ్లుగా టైప్ 2 షుగర్ ఉంది. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ ఇక్కడి కొలతలో 52 (ఇండియాలో చెప్పే లెక్కలో దాదాపు 6.9 శాతం) దగ్గరే నిలకడగా ఉంటోంది. అయినా మా జీపీ (ఫ్యామిలీ డాక్టరు) క్లినిక్ వాళ్లు ఏటా రక్తం తీస్తారు, మూత్రం సీసా తెమ్మంటారు, మేజోళ్లు విప్పించి పాదాలు చూస్తారు. ఈ వివరాలు దేశవ్యాప్త ఆడిట్‌కు, అంటే రోగులకు అందిన సేవల తనిఖీకి వెళ్తాయని నర్సు చెప్పింది. షుగర్ అదుపులో ఉన్న మనిషికి ఇవన్నీ ఎందుకు? ఇలా లెక్కలు కడితే వైద్యం బాగుపడుతుందా? విసుగొచ్చి ఈసారి మావారు మూత్రం పరీక్ష మానేశారు.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలోని చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే నన్ను కలవరపెట్టింది అదే. మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైన తొలి రోజుల్లో రక్తంలోని క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టాల్సిన వ్యర్థం) మామూలుగానే ఉండవచ్చు. అప్పటికే మూత్రంలోకి కొద్దికొద్దిగా జారుతున్న అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టి ఇచ్చేది ఆ చిన్న సీసాయే. మానేసింది మీవారొక్కరే కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003–04 నుంచి సాగుతున్న జాతీయ మధుమేహ ఆడిట్‌లో ఏళ్ల తరబడి అన్నిటికంటే వెనకబడి ఉన్నది ఈ పరీక్షే. రక్తమైతే నర్సు అక్కడికక్కడే తీసుకుంటుంది. పొద్దున లేవగానే పట్టిన మూత్రాన్ని గుర్తుపెట్టుకొని తీసుకెళ్లాల్సింది మాత్రం రోగి. ఫలానా పని ఎక్కడ జారిపోతోందో ఇలా చూపించడమే ఆడిట్ వల్ల కలిగే మొదటి ప్రయోజనం.

షుగర్ ఒక్కటే చూస్తే సరిపోదా అన్నారు. 1998లో వెలువడిన యూకేపీడీఎస్ అనే బ్రిటన్ మధుమేహ అధ్యయనంలో, షుగర్‌తో పాటు అధిక రక్తపోటు కూడా ఉన్నవారికి బీపీని గట్టిగా అదుపు చేసినప్పుడు పక్షవాతం 44 శాతం తగ్గింది. అందుకే అక్కడ హెచ్‌బీఏ1సీ, బీపీ, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, పాదాలు, శరీర బరువు సూచీ, పొగతాగే అలవాటు అనే ఎనిమిదింటినీ ఏటా చూస్తారు. తొమ్మిదోదైన కంటి రెటీనా పరీక్షను వేరే కార్యక్రమం కింద నడుపుతారు.

ఇక అసలు సంగతి. సేవల నాణ్యతను శాతాల్లో చెబుతారు కనుక, ఏ శాతం విన్నా ముందు హారంలో, అంటే భిన్నంలో గీత కింద ఉండే మొత్తంలో, ఎవరున్నారని అడగాలి. ఒక క్లినిక్ జాబితాలో 400 మంది షుగర్ రోగులు ఉన్నారనుకుందాం. ఆ ఏడాది 300 మంది వచ్చారు, వారిలో 240 మందికి హెచ్‌బీఏ1సీ 58 లోపు ఉంది. వచ్చినవారిని హారంగా తీసుకుంటే 80 శాతం, జాబితాలోని అందరినీ తీసుకుంటే 60 శాతం. ఆ తేడాలో ఉన్నవాళ్లు రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు, భాష రాక ఫోన్ ఎత్తనివాళ్లు, ఇంకా ఏమీ కాలేదులే అనుకునే కుర్రవాళ్లు. ఈ పరీక్షలు తక్కువగా అందుతున్నది పెద్దవయసువారికి కాదు, చిన్నవయసువారికీ టైప్ 1 ఉన్నవారికీ అని ఆడిట్ బయటపెట్టగలిగిందంటే, రానివాళ్లను కూడా అది లెక్కలో ఉంచుకోవడం వల్లనే. 2004లో అక్కడ మొదలైన జీపీల ప్రోత్సాహక చెల్లింపుల పథకంలో, పలుమార్లు పిలిచినా రానివారిని హారంలోంచి తీసివేసే వీలు కల్పించారు. క్లినిక్ తప్పులేనిచోట డబ్బు కోయకూడదన్నది న్యాయమే. కానీ ఆ అంకెను చూసి ఊరంతా ఆరోగ్యంగా ఉందనుకుంటే పొరపాటు.

అంకెకు మరో బలహీనత ఉంది: చేసిన పనికీ రాసిన పనికీ మధ్య దూరం. నేను హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒక పెద్దాయన కేస్‌షీట్‌లో పాదాలు మామూలుగా ఉన్నాయని రాసి ఉంది. కుడికాలి మేజోడు విప్పితే బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు. షుగర్ వల్ల కాలి స్పర్శ తగ్గిపోయి ఆయనకు నొప్పే తెలియలేదు, రాసినవారు మేజోడే తీయలేదు. కాబట్టి మీవారిని కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ పోగును అరికాలికి ఆనించి అది వంగేదాకా నొక్కి, తగిలిందా అని అడుగుతున్నారంటే, పాదం మీద నాడి కూడా వెతుకుతున్నారంటే, పరీక్ష నిజంగా జరుగుతున్నట్టే.

మన తెలుగు రాష్ట్రాల్లో కష్టం ఇంకా ముందే మొదలవుతుంది. ఈ నెల ఒక డాక్టరు, వచ్చే నెల మరొకరు, మధ్యలో మందుల షాపు. ఈ రోగి ఫలానావారి బాధ్యత అని చెప్పే జాబితాయే చాలామందికి లేనప్పుడు హారం ఎక్కడినుంచి వస్తుంది? 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని అంచనా వేసింది. అంతమందికి సేవ అందించాలంటే కొత్త యంత్రాలకన్నా ముందు పేర్లున్న జాబితా, రానివారి ఇంటికి ఒక ఫోన్ కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

మీ క్లినిక్ ఎలా ఉందో తెలుసుకోవాలంటే, ఆడిట్ ఫలితాలను క్లినిక్‌ల వారీగా కూడా బహిరంగంగానే ప్రచురిస్తారు, చూడండి. అంతకంటే ముందు క్లినిక్‌కు ఫోన్ చేసి మూత్రం సీసా అడగండి. ఈ రాత్రే దాన్ని బాత్‌రూమ్‌లో కంటికి కనబడేచోట పెడితే, పొద్దున మీవారు మరిచిపోరు.