బెండ కోత, మోకాలి నొప్పి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది ఆనందపురం మండలం. నా వయసు 48. 35 సెంట్లలో బెండ వేశాం. కలుపు తీసి లేచేసరికి మోకాళ్లు పట్టేస్తున్నాయి. అందుకే కోతకి ఇద్దరు ఆడకూలీలను పెడుతున్నాను, మనిషికి 400. వాళ్లు దొరకని రోజు కాయ ముదిరిపోతోంది, రైతుబజారులో ఎవరూ ముట్టుకోవడం లేదు. డాక్టరు గుజ్జు అరిగిందన్నారు. వ్యవసాయం మానేయాలా?

జవాబు: మానక్కర్లేదమ్మా. ముందు కూలి లెక్క తిరగేసి చూడండి. బెండ రోజు విడిచి రోజు కొయ్యాలి. నెలకు 15 కోతలు, కోతకు 800, అంటే 12,000. కలుపు బెడద మాత్రం మొదటి నెలన్నరే. విత్తిన 20 రోజులకు ఒకసారి, 40 రోజులకు మరోసారి తీస్తే తర్వాత ఆకు కమ్మేసి కలుపును లేవనివ్వదు. రెండుసార్లూ నలుగురేసి కూలీలను పెట్టినా 3,200. మీరు మోకాళ్లను తినేసే పని మీ మీద వేసుకుని, నిలబడి చేసే పనికి డబ్బు పోస్తున్నారు. కలుపు కూలికివ్వండి, కోత మీరు చేసుకోండి. కాయ ముదరకుండా ఆగేది కూడా అప్పుడే.

గొంతుకు కూర్చున్నప్పుడు మోకాలు పూర్తిగా మడతపడి, చిప్ప తొడ ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది. అలా గంటసేపు ఉండి ఒక్కసారిగా లేస్తే నొప్పి పొడుచుకొస్తుంది. తప్పక కలుపు తియ్యాల్సొస్తే జానెడు ఎత్తు పీట వాడండి. పీట కాళ్లు మెత్తటి మట్టిలో దిగబడిపోతాయి, అందుకని అడుగున ఒక పలక మేకులతో కొట్టించండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. లేచేటప్పుడు చేతికర్ర మీద బరువు ఆనించండి.

సాళ్ల మధ్య 45 నుంచి 60 సెంటీమీటర్లు వదిలి విత్తితే ఒంటిచక్రం గుద్దలి, అంటే వీల్ హో, నిలబడే తోసుకుంటూ పోవచ్చు. నేల పదునులో ఉన్నప్పుడే అది నడుస్తుంది. తడి ఎక్కువైతే చక్రానికి మన్ను చుట్టుకుంటుంది, బాగా ఎండితే పలుగు దిగక ఆ బలమంతా నడుము మీద పడుతుంది.

అరిగిన గుజ్జు తిరిగి రాదు, కానీ తొడ కండ బలపడితే కీలు మీద భారం తగ్గుతుంది. కాళ్లు చాపుకుని కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందకి నొక్కి 5 లెక్కపెట్టి వదలండి. ఒక్కో కాలికి 10 సార్లు, పూటకు మూడు దఫాలు, ఉదయం సాయంత్రం. రెండు నెలలు విడవకుండా చెయ్యాలి, వారంలో ఆపేసి లాభం లేదనకండి. ఒంటి బరువు ఎక్కువుంటే, ఒక్క కిలో తగ్గినా అడుగడుగుకీ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. కర్ర పట్టుకు నడిస్తే నొప్పి ఉన్న కాలి పక్క కాదు, రెండో చేత్తో పట్టుకోండి. కర్ర పిడి మణికట్టు ఎత్తులో ఉండాలి.

ప్రశ్న: పద్మనాభం మండలం రైతును, 56 ఏళ్లు, బీపీ మాత్రలు వాడతాను. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు రోజుకు రెండు వేసుకుని పొలానికి పోతున్నాను. గుజ్జు పెరిగే మాత్రలకు నెలకు 900 అవుతోంది. సరేనా?

జవాబు: నొప్పి మాత్రలు, గుజ్జు మాత్రలు రెండూ ఆపే దారి చూడండి. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రోజూ వాడితే కడుపులో పుండు పడుతుంది, బీపీ పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండలో చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మూత్రపిండాల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష వెంటనే చేయించండి. మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ ముందు వాడాల్సిన మందు, ఎందుకంటే చర్మం మీద పూసిన దాంట్లో రక్తంలోకి వెళ్లేది తక్కువ. అదీ డాక్టరు చెప్పినంతే రాయాలి. పేరు లేని పొట్లాల పొడులు ముట్టుకోకండి, వాటిలో స్టెరాయిడ్ కలుపుతుంటారు.

గ్లూకోసమైన్ మాత్రలతో గుజ్జు పెరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు. ఆ 900 పీటకీ, గుద్దలికీ పెట్టండి. విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎముకల విభాగంలో చూపించుకోండి, ఎక్స్‌రే నిలబడి తీయమని అడగండి. పడుకుని తీస్తే కీలు మధ్య సందు ఎంత తగ్గిందో సరిగా కనబడదు. తెల్లవారి వేళ్ల కణుపులు గంటకు పైగా బిగుసుకుని, రెండు చేతులకూ వాపు ఉంటే అది అరుగుదల కాకపోవచ్చు, కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) కావచ్చు. దాని మందులు వేరు, ఎంత ముందు మొదలుపెడితే కీళ్లు అంత దక్కుతాయి. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: భీమిలి దగ్గర మాకు మూడు గేదెలు. పాలు పితికితే బొటనవేలి మొదలు, మణికట్టు పక్క నొప్పి.

జవాబు: బొటనవేలు మడిచి చన్నును వేలి కణుపుతో నొక్కి పితుకుతుంటే అలవాటు మార్చుకోండి. దాని వల్ల మీ కీలుకీ, గేదె చనుకీ కూడా దెబ్బే. గుప్పిట నిండా పట్టి, పై వేలి నుంచి కిందకి వరసగా నొక్కండి. మూడు నాలుగు వారాలు బొటనవేలిని కదలకుండా ఉంచే పట్టీ వాడి, ఆ రోజుల్లో ఇంట్లో మరొకరి చేత పితికించండి. నొప్పితో పాటు రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతుంటే అది నరం నొక్కుకోవడం కావచ్చు. డాక్టరుకు చూపించండి.