చలి దేశంలో నీళ్ళ పైపు పగిలితే ముందుగా ఏం చేయాలి?

"మా అబ్బాయి అమెరికాలో, మినియాపొలిస్‌లో ఇల్లు కొన్నాడు. చలికాలంలో పైపులు పగిలిపోతాయని అందరూ భయపెడుతున్నారు. మంచి ప్లంబరు నంబరు దగ్గర పెట్టుకుంటే సరిపోతుందా?" అని అడిగారు.

సరిపోదు. గట్టి చలి పడిన వారంలో ఆ ఊళ్ళో ప్రతి ప్లంబరు ఫోనూ మోగుతూనే ఉంటుంది. వాళ్ళు వచ్చేలోపు ఇంటిని కాపాడేది మెయిన్ వాల్వు, అంటే ఇంట్లోకి వచ్చే నీళ్ళన్నిటినీ ఒకేచోట కట్టేసేది, అదొక్కటే. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. తిప్పితే తిరగాలి. మిగతావన్నీ దాని తర్వాతే. అనంతపురంలో పైపులు, మోటార్లు అమ్మే దుకాణం నాది. ఈ ఒక్క విషయంలో ఎవరు వాదించినా నేను తగ్గను.

మన ఊళ్ళో పైపు పగిలితే పెద్దగా కంగారు పడం. మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంటుంది, అది ఖాళీ అయితే నీళ్ళు వాటంతట అవే ఆగుతాయి. కింద తాడిపత్రి బండలు, గోడలు సిమెంటువి. చీపురు పట్టుకొని నెడితే అన్నీ గుమ్మం దాటిపోతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని జిల్లా మనది, కారిన నీళ్ళ గురించి బాధ పడతాం తప్ప తడిసిన ఇంటి గురించి కాదు. అక్కడ మిద్దె మీద ట్యాంకే ఉండదు. వీధి పైపు నుంచి నీళ్ళు నేరుగా, రాత్రీ పగలూ మంచి ఒత్తిడితో వస్తాయి. పైపు పగిలిందంటే వాల్వు కట్టేదాకా ఊరి నీళ్ళన్నీ మీ ఇంట్లోకే. ఆ ఇల్లేమో కర్ర చట్రానికి జిప్సం బోర్డు కొట్టి కట్టింది, కింద తివాచీ. చాలా ఇళ్ళలో స్నానాల గది నేలకు తూము కూడా పెట్టరు. అంత చదువుకున్న దేశంలో స్నానాల గదికి తూము ఎందుకు పెట్టరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ తడి ఒకటి రెండు రోజులు ఆరకుండా ఉంటే బూజు మొదలవుతుంది, గోడలు కోసి తీయాల్సి వస్తుంది.

2019 జనవరి చివర్లో మేము మినియాపొలిస్‌లోనే, మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. 30వ తేదీన అక్కడ మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. తపాలా బట్వాడా ఆపేశారు, బడులు మూసేశారు. పదిహేను డిగ్రీలకే మంకీ క్యాపు పెట్టుకొని టీ కొట్టు దగ్గర నిలబడే మనిషిని నేను. అమ్మాయి ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్ళింది, అల్లుడు పని మీద వేరే ఊరు వెళ్ళి చిక్కుకుపోయాడు. ఇంట్లో నేను, మా ఆవిడ, మనవడు.

పొద్దున్నే మా ఆవిడ వంటింట్లో కొళాయి తిప్పితే చుక్క రాలేదు. స్నానాల గదిలో మాత్రం వస్తున్నాయి. "ఏమండీ, ఇక్కడ కూడా రోజు విడిచి రోజు వదులుతారా?" అని అడిగింది. అనంతపురం మనిషికి వచ్చే మొదటి అనుమానం అదే మరి. సింకు కింద అలమర తలుపు తీసి చెయ్యి పెట్టి చూస్తే లోపల వణికించే చలి. సింకు ఉత్తరపు గోడకు ఉంది, రాగి పైపు ఆ గోడలోంచే వస్తోంది. రాత్రంతా తలుపులు మూసి ఉండటంతో ఇంట్లోని వెచ్చదనం దాన్ని చేరలేదు.

అల్లుడికి ఫోను చేశాను. "మామయ్యా, మీరేమీ ముట్టుకోకండి, నేను ప్లంబరుకు చెబుతాను" అన్నాడు. చెప్పాడు కూడా. మరుసటి రోజుకు గానీ కుదరదన్నారట. మెయిన్ వాల్వు ఎక్కడ నాయనా అంటే, "బేస్‌మెంటులో ఎక్కడో ఉండాలి మామయ్యా" అన్నాడు. టీవీ ఎన్ని అంగుళాలో, ఇంటర్నెట్ వేగం ఎంతో నిద్రలో అడిగినా చెప్పగల మనిషి, ఇంట్లోకి వచ్చే నీళ్ళను ఎక్కడ కట్టేయాలో మాత్రం "ఎక్కడో" అంటాడు. అల్లుడు కనుక ఊరుకున్నాను. ఈ తరం వాళ్ళకు కారు నేర్పే ముందు వాల్వు తిప్పడం నేర్పాలి.

వెతకడం కష్టమేమీ కాదు. అక్కడ నేల లోతుగా గడ్డకడుతుంది కాబట్టి వీధి పైపులను ఏడెనిమిది అడుగుల కింద వేస్తారు. కాబట్టి పైపు ఇంట్లోకి వచ్చేది బేస్‌మెంటులోకే, సాధారణంగా వీధి వైపు గోడలోంచి. పక్కనే మీటరు, మీటరు దగ్గరే వాల్వు. మా అమ్మాయి ఇంట్లో దాని ముందు ఖాళీ సూట్‌కేసులు, టీవీ వచ్చిన అట్టపెట్టె పేర్చి ఉన్నాయి. అన్నీ జరిపితే గుండ్రటి పిడి ఉన్న పాత గేటు వాల్వు కనిపించింది. ఎన్నాళ్ళుగానో ఎవరూ ముట్టుకోక బిగుసుకుపోయింది. ఇలాంటివాటితో కుస్తీ పడితే కాడ విరుగుతుంది, అప్పుడు వీధిలో మునిసిపాలిటీ వాల్వు దగ్గరికి వాళ్ళ మనిషి పొడవాటి కడ్డీతో వచ్చేదాకా చేసేదేమీ ఉండదు. కాడ చుట్టూ ఉన్న గ్లాండు నట్టును పిసరంత వదులు చేసి, కొంచెం మూసి, కొంచెం తెరిచి, ఓపిగ్గా ఆడించాను. పూర్తిగా మూసుకుంటుందని తేలాక మళ్ళీ తెరిచి పెట్టాను. లోపల కాస్త ఒత్తిడి ఉంటే మంచు త్వరగా కదులుతుంది.

అప్పుడు మా ఆవిడను కొళాయి తెరిచి పెట్టి హెయిర్ డ్రయర్‌తో సింకు దగ్గర ఉండమన్నాను. మనవడు మెట్ల మీద, నేను వాల్వు దగ్గర. కొళాయి వైపు నుంచి వెనక్కి వేడి చేసుకుంటూ రావాలి, అప్పుడే కరిగిన నీళ్ళకు దారి దొరుకుతుంది. మంట మాత్రం చూపించకూడదు, ఆ ప్రయత్నంలో ఇళ్ళు తగలబెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. చాలాసేపటికి కొళాయి దగ్గి, ఉమ్మి, సన్నగా ధార మొదలైంది. మా ఆవిడ సంతోషించేలోపే గోడలోంచి, కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చుయ్‌మని చప్పుడు. "తాతయ్యా, గోడ ఏడుస్తోంది!" అని మనవడు అరిచాడు. కట్టేశాను. తడిసింది అలమర అడుగు చెక్క, గోడలో ఒక మూర మేర. అంతే.

పైపు అసలు రాత్రే చీలింది. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. ఆ మంచు బిరడాకూ మూసిన కొళాయికీ మధ్య చిక్కిన నీళ్ళు నలిగి ఒత్తిడి పెరిగిపోతుంది, రాగి అయినా సరే తట్టుకోలేదు. మంచు ఉన్నంతసేపు అదే బిరడాగా పనిచేస్తుంది, కరిగాక బయటపడుతుంది. అందుకే చలి తగ్గిందని ఊపిరి పీల్చుకునే రోజునే ఎక్కువ ఇళ్ళు తడుస్తాయి. చలి ముదిరిన రాత్రుళ్ళు కొళాయిని సన్నటి ధారగా వదిలిపెట్టమని చెప్పేది కూడా ఈ ఒత్తిడి పెరగకుండా ఉండేందుకే. నీళ్ళు వృథా అని మనవాళ్ళకు చెయ్యి రాదు. నాకూ రాదు, అయినా వదలాలి.

మర్నాడు వచ్చిన ప్లంబరు బోర్డు కోసి, చీలిన రాగి ముక్క తీసి, పెక్స్ అనే మెత్తటి ప్లాస్టిక్ పైపు వేసి రింగు నొక్కాడు. కాస్త సాగుతుంది కాబట్టి గడ్డకట్టినా రాగికంటే మెరుగ్గా ఓర్చుకుంటుంది. పని శుభ్రంగా ఉంది, ఒప్పుకోవాలి. బిల్లు చూశాక మాత్రం, అనంతపురంలో ఆ డబ్బుతో ఇల్లంతా పైపులు మార్చి మేస్త్రీకి బట్టలు పెట్టవచ్చు అనిపించింది.

మీ అబ్బాయి విషయానికి వస్తే, పైపు పగిలిన క్షణంలో వాల్వు కట్టేసి, కొళాయిలన్నీ తెరిచి లోపల మిగిలినవి వదిలేయాలి. వాటర్ హీటరు ఆపాలి. ప్లగ్గుల దగ్గరికి నీళ్ళు చేరితే ఆ వైపు కరెంటు తీసేయాలి, అయితే నీళ్ళలో నిలబడి బోర్డు ముట్టుకోకూడదు. తుడిచే ముందు ఫోటోలు తీసి, పగిలిన ముక్క దాచాలి, బీమా వాళ్ళు అడుగుతారు. చలికాలానికి ముందే తోట గొట్టాన్ని బయటి కొళాయి నుంచి ఊడదీయాలి. లేకపోతే నీళ్ళు అందులోనే నిలిచి, గోడలోపలి ముక్క పగులుతుంది. చలి మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగినప్పటి నుంచి బయటి గోడల వైపు సింకుల అలమర తలుపులు రాత్రిపూట తెరిచి ఉంచాలి. చలి ఊళ్ళే ప్రమాదమని కూడా అనుకోవద్దు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో పగిలినన్ని పైపులు ఎవరూ ఊహించలేదు. అక్కడ వేడికి తగ్గట్టు కట్టిన ఇళ్ళు, పైపులు చాలాచోట్ల అటకలోంచి పోతాయి.

ఇక్కడ కట్టేవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? మూడంతస్తుల ఇంట్లో పైపులన్నీ గోడల్లో దాచి, స్నానాల గదికి ఒక వాల్వు పెట్టమంటే "అంత అవసరమా అన్నా" అంటారు. మన బోరు నీళ్ళలో ఉప్పు పేరుకొని ఉన్న ఒక్క వాల్వూ ఏడాదిలో రాయి అవుతుంది. లివరుతో తిరిగే బాల్ వాల్వు తీసుకొని, పండగ పండగకూ ఒకసారి తిప్పమని నా దగ్గర కొన్న ప్రతివాడికీ చెబుతాను. నవ్వి వెళ్ళిపోతారు. తర్వాత అర్ధరాత్రి నాకే ఫోను.

అన్నిటికన్నా నాకు భయం వేసేది సంక్రాంతి ప్రయాణం. మనవాళ్ళు డిసెంబరులో ఇల్లు తాళం పెట్టి, గ్యాసు ఆదా అని హీటింగు కూడా ఆపేసి విమానం ఎక్కుతారు. తిరిగి వచ్చేసరికి మేడ మీది నీళ్ళు బేస్‌మెంటులో ఉంటాయి, ఇంట్లో వేడి ఉంచలేదు కదా అని బీమా వాళ్ళు చేతులెత్తేయవచ్చు. ఇంట్లో 55 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 13 సెల్సియస్‌కు తగ్గకుండా వేడి ఉంచాలి. మెయిన్ వాల్వు కట్టి, కొళాయిలు తెరిచి పైపులు ఖాళీ చేయాలి. తాళం చెవి పక్కింటివాళ్ళకో స్నేహితుడికో ఇచ్చి రమ్మనండి. ఇచ్చేటప్పుడు ఆ మనిషిని బేస్‌మెంటులోకి తీసుకెళ్ళి వాల్వు చూపించి, ఒకసారి తిప్పించమనండి.