షాడోస్ ఆఫ్ డౌట్ కొనొచ్చా? కొందరు అద్భుతం అంటారు, కొందరు నాలుగు కేసులకే విసుగంటారు. ఎవరి మాట నమ్మాలి?

అడిగింది ఇది: విజయనగరంలో ఉంటున్న ఇద్దరు అన్నదమ్ములు ఒకే ల్యాప్‌టాప్ మీద వంతులేసుకుని ఆడుకోడానికి ఈ డిటెక్టివ్ గేమ్ పనికొస్తుందా, ఆడినవాళ్ల అభిప్రాయాలు ఇంత ఎడమొహం పెడమొహంగా ఎందుకున్నాయి, అని.

రెండు వర్గాలూ నిజమే చెబుతున్నారు. మెచ్చుకున్నవాళ్లు ఆధారాలు వెతకడాన్ని మెచ్చుకున్నారు. విసుగెత్తినవాళ్లు కథ కోసం వచ్చారు. ఈ గేమ్‌లో కథ రాసిపెట్టి ఉండదు. నగరం, అందులో మనుషులు, వాళ్ల ఇళ్లు, ఉద్యోగాలు, స్నేహాలు, అన్నీ కంప్యూటరు అప్పటికప్పుడు అల్లుతుంది. ప్రతి మనిషికీ వేలిముద్రలు, రక్తం గ్రూపు, చెప్పుల సైజు, రోజువారీ తిరుగుడు ఉంటాయి. అందులో ఒకడు ఇంకొకణ్ణి చంపుతాడు. వాడెవడో తేల్చడం మీ పని. 1980ల నాటిదనిపించే వేరే ప్రపంచం, ఆగని వాన, నియాన్ దీపాలు, బొమ్మలన్నీ చిన్న చిన్న ఘనాలు పేర్చినట్టు. ఇదే దాని నోయిర్ వేషం, అంటే పాత చీకటి నేరాల సినిమాల వాటం.

అభిప్రాయాలు చదివేముందు తేదీ చూడండి. కోల్ జెఫ్రీస్ అనే ఆయన చాలా భాగం ఒంటిచేత్తో తయారుచేసిన గేమ్ ఇది. 2023 ఏప్రిల్ 24న ఇంకా పూర్తికాని రూపంలో అమ్మకానికి వచ్చింది, 2024 సెప్టెంబరు 26న పూర్తి రూపం వచ్చింది. మధ్యలో కొత్త రకం హత్యలూ కొత్త చిన్న పనులూ చేరాయి. 2023లో రాసిన ఫిర్యాదుల్లో చాలావాటికి ఇప్పటి గేమ్‌తో సంబంధం లేదు. కన్సోళ్ల (టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టెల) మీద గేమ్ తడబడుతోందన్న ఫిర్యాదులు మాత్రం పూర్తి రూపం వచ్చాక కూడా గట్టిగానే వినిపించాయి. మీకు ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి దాని మీదే ఆడండి.

హంతకుణ్ణి ప్రతిసారీ మార్చే ఆలోచన కొత్తది కాదు. 1983లోనే మర్డర్ ఆన్ ది జిండర్‌నఫ్ అనే గేమ్ ఉండేది. గాలి ఓడలో 16 మంది ప్రయాణికులు, 36 నిమిషాల గడువు, ఆట మొదలెట్టిన ప్రతిసారీ దోషి వేరు. అక్కడ మారేది దోషి, సాక్షుల మాటలు. షాడోస్ ఆఫ్ డౌట్‌లో హంతకుడు నిజంగా ఇంటినుంచి బయల్దేరి, మెట్లెక్కి, తలుపు దగ్గరికి నడిచి వెళ్తాడు. దారిలో కెమెరా ఉంటే అందులో పడతాడు, తలుపు పట్టుకుంటే ముద్ర మిగులుతుంది. ఎవరూ కావాలని పెట్టిన ఆధారం కాదు, జరిగినదాని మరక. ఈ గేమ్ గొప్పతనమంతా ఇందులోనే ఉందని నా గట్టి నమ్మకం.

ఇక విసుగు సంగతి. హత్యల రకాలు లెక్కపెట్టదగ్గన్నే. వాటిలో పేర్లూ ఇళ్లూ మారతాయి, ఎముకల గూడు మారదు. మనుషుల మాటలైతే మరీ తక్కువ. మీ విజయనగరం ఘంటస్తంభం దగ్గర టీ కొట్టాయన్ని ఏదైనా అడిగితే, ఎవరు ఎప్పుడొచ్చారో, ఎవరితో కూర్చున్నారో, ఎందుకు మొహం మాడ్చుకున్నారో మొత్తం చెప్పేస్తాడు. ఈ గేమ్‌లో టీ కొట్టాయన, బ్యాంకు మేనేజరు, పక్కింటావిడ అందరూ ఒకే నాలుగు వాక్యాలు పలుకుతారు. మనిషి తెలిసేది మాటల్లో కాదు, సామానులో: స్నానాలగదిలో మందు సీసా, కంప్యూటర్లో వి-మెయిల్ (ఈ గేమ్‌లో ఈమెయిల్ లాంటిది), చెత్తబుట్టలో రసీదు, బల్ల మీద చీటీ. దాన్ని చదవడం ఇష్టమైతే పది, ఇరవై కేసులదాకా హాయిగా సాగుతుంది. లేకపోతే నాలుగో కేసుకే మీరూ విసుగంటారు.

ఇంకో కారణం కూడా ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. చాలామంది అడ్డదారి పట్టి తమ ఆటను తామే పాడుచేసుకుంటారు. తుపాకీతోనో కత్తితోనో హత్య జరిగితే, ఆయుధాలమ్మే కొట్టు కంప్యూటర్లో అమ్మకాల పట్టీ తెరిచి కొన్నవాళ్ల పేర్లు చూసేస్తారు. కేసు ఐదు నిమిషాల్లో ఐపోతుంది. ఆ తర్వాత ప్రతి కేసుకీ అదే. మీరు మాత్రం మొదటి ఐదు కేసుల్లో ఆ పట్టీ జోలికి పోకండి. అన్ని దారులూ మూసుకుపోయాకే దాన్ని ఆశ్రయించండి.

అసలు పద్ధతి ఇదీ. శవం దగ్గర మొదట రెండే చూడాలి, చనిపోయిన సమయం ఎంతనుంచి ఎంతలోపు, గాయం ఎలాంటిది. ఈ రెండూ కేస్ బోర్డు మీద, అంటే దొరికిన ఆధారాలు గుచ్చుకునే పలక మీద, గుచ్చండి. బోర్డు తెరిచినంతసేపూ గేమ్‌లో కాలం ఆగుతుంది, కంగారు పడక్కర్లేదు. తర్వాత వేలిముద్రల పరికరం తీయండి. ఇక్కడే కొత్తవాళ్లు పొరపాటు చేస్తారు: గదిలో కనబడ్డ ప్రతి ముద్రనీ ఎగబడి స్కాన్ చేస్తారు. ఆ ఇంట్లో నూటికి తొంభై ముద్రలు చచ్చిపోయినవాడివే. అందుకే ముందు శవం వేలిముద్ర తీసుకోండి, ఆ ఇంట్లో ఇంకెవరైనా ఉంటుంటే వాళ్లదీ తీసుకోండి. అప్పుడు వాళ్ల ముద్రలు పేరుతోనే కనబడతాయి, తెలియనివి ఒక అక్షరం గుర్తుతో విడిగా మిగులుతాయి. ఆ మిగిలినవే మీ సరుకు. తలుపు, శవం, శవం పక్క సామాను, వీటి మీద ఒకే తెలియని ముద్ర రెండు మూడు చోట్ల దొరికితే అదే మీ దారి. వంటగది కప్పు మీద ఒక్కచోటే దొరికితే అది నిన్న వచ్చిన స్నేహితుడిది కావచ్చు.

ఒక చిన్న మాట. వేలిముద్రలను తరగతులుగా విడగొట్టి, ముద్ర చూసి మనిషి కార్డు వెతికే పద్ధతితో పెట్టిన తొలి బ్యూరోల్లో ఒకటి 1897లో మన కలకత్తాలోదే. ఆ పద్ధతి లెక్క కట్టడంలో అక్కడి పోలీసు ఉద్యోగులు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల పని చాలా ఉంది. ఈ గేమ్‌లో సరిగ్గా ఆ సదుపాయమే లేదు. సిటీ హాల్‌లో జనం వివరాల కంప్యూటర్ ఉంది, కానీ దాన్ని పేరుతో అడగాలి. ముద్ర పెట్టి పేరు అడగడం కుదరదు. అందుకే ముందు అనుమానితుల జాబితా తయారవ్వాలి, తర్వాతే ముద్ర పోల్చాలి. గేమ్ కష్టం, రుచి రెండూ అక్కడే ఉన్నాయి.

జాబితా ఎక్కణ్ణుంచి వస్తుందంటే: చచ్చినవాడి జేబు, చిరునామాల పుస్తకం, వి-మెయిళ్లు, ఆఫీసు. ఆఫీసులో ఉద్యోగుల ఫైళ్ల బీరువా ఉంటుంది, ఆ ఫైళ్లలో వేలిముద్రలు కూడా ఉంటాయి. భవనం అడుగు అంతస్తులో ఫోను లైన్ల పెట్టె ఉంటుంది, అందులో ఆ భవనానికి వచ్చిన, అక్కణ్ణుంచి వెళ్లిన కాల్స్ సమయంతో సహా కనిపిస్తాయి. చనిపోయిన సమయానికి ముందు గంటలో వచ్చిన కాల్ ఒక్కటి పట్టుకోండి. భద్రతా కెమెరాల కంప్యూటర్ దగ్గరికి వీలైనంత తొందరగా వెళ్లండి, పాత చిత్రాలు ఎక్కువకాలం ఉండవు. ఆ సమయం మధ్య లాబీలోకి వచ్చిన మొహాలు అచ్చుతీసి బోర్డుకి గుచ్చండి. సాక్షుల్ని అడిగేదీ తొందరగానే అడగాలి, వాళ్లు గుర్తుంచుకునేది ఈమధ్య చూసినవాళ్లనే. నేల మీద అడుగుల గుర్తుంటే చెప్పుల సైజు తెలుస్తుంది. అదొక్కటీ దోషిని పట్టివ్వదు గానీ, ఎనిమిది మంది జాబితాని ముగ్గురికి దించుతుంది.

దూరంనుంచి తుపాకీతో కాల్చే హంతకుడు ఎదురైతే ఈ క్రమమంతా తలకిందులవుతుంది. వాడు శవమున్న గదిలోకి రాడు, అక్కడ ముద్రలు వెతకడం దండగ. తూటా ఏ కిటికీలోంచి, ఎటువైపునుంచి వచ్చిందో చూసి, ఎదురు భవనంలో వాడు నిలబడిన చోటు పట్టుకోవాలి. రకరకాల హత్యల్లో ఇదే నాకు మేలనిపిస్తుంది, ఎందుకంటే చేతికి అలవాటైన పద్ధతి ఇక్కడ పనికిరాదు.

పేరు తేలాక సిటీ హాల్‌లో కేసు ముగింపు ఫారం తీసుకుని నింపాలి. హంతకుడి పేరు ముఖ్యం. ఉండే ఇల్లు, వాణ్ణి అక్కడ నిలబెట్టే ఆధారం, ఆయుధం, వాడి అరెస్టు, వీటికి అదనపు డబ్బు. ఒట్టి ముద్ర చూసి పేరు రాసేయకండి, వచ్చిపోయే స్నేహితుడు ఇరుక్కుంటాడు. మీరు ఆలస్యం చేసినా కేసు చెడిపోదు. వాడు మళ్లీ చంపుతాడు, మరిన్ని మరకలు మిగులుతాయి. దారి మూసుకుపోతే దాన్నలా పక్కన పెట్టి, నోటీసు బోర్డుల మీద ఉండే చిన్న పనులు చేసుకోండి. వాటిలో మనిషి పేరు ఇవ్వకుండా జుట్టు రంగు, చెప్పుల సైజు, రక్తం గ్రూపు, ఉద్యోగం లాంటి ముక్కలు మాత్రమే ఇచ్చి వెతకమనేవి ఉంటాయి. హత్య కేసుల కంటే అవే ఎక్కువ తెలివి అడుగుతాయి.

చొరబాటు గురించి క్లుప్తంగా: పేపరు క్లిప్పులూ తలపిన్నులూ ఎక్కడ కనబడినా ఏరుకోండి, తాళాలు తీసేది వాటితోనే. గాలి గొట్టాల్లోంచి పాకొచ్చు. రహస్య సంఖ్యలు చాలామంది చీటీ మీద రాసుకుని తమ దగ్గరే పెట్టుకుంటారు, బల్ల అరలు చూడండి. ఆకలి, చలి, అలసట లాంటి బాధలు చిరాకనిపిస్తే సెట్టింగుల్లో తీసేయొచ్చు, ఆట పలచబడదు.

మీ ల్యాప్‌టాప్ సంగతి. ఇక్కడ భారం బొమ్మల కంటే మనుషుల మీదే ఎక్కువ. నగరంలో ఉన్నవాళ్లందరూ మీకు కనబడకపోయినా తిరుగుతూనే ఉంటారు, ఆ లెక్కంతా ప్రాసెసర్ మీద పడుతుంది. పెద్ద నగరం, జనం ఎక్కువ అని పెట్టి, తర్వాత గేమ్ ఆగి ఆగి నడుస్తోందని తిట్టుకునేవాళ్లు చాలామంది. చిన్న నగరంతో మొదలెట్టండి. అందులో ఇంకో లాభం కూడా ఉంది: నాలుగైదు కేసులయ్యేసరికి వీధుల్నీ మనుషుల్నీ గుర్తుపడతారు, మీ ఊరి మూడు లాంతర్ల కూడలి దగ్గర తెలిసినవాళ్లు ఎదురైనట్టు పాత కేసులో సాక్షి ఈ కేసులో అనుమానితుడై ఎదురవుతాడు. పెద్ద నగరంలో అందరూ పరాయివాళ్లే. గేమ్ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) మీదే పెట్టండి, నగరం తయారీకీ సేవ్ తెరవడానికీ తేడా తెలుస్తుంది.

సేవ్ విషయంలో ఒక నియమం పాటించండి. ఎవరింట్లోకైనా చొరబడేముందు ఒకటి, ఫారం ఇచ్చేముందు ఒకటి, వేరు వేరు పేర్లతో. ఒక్క సేవ్ మీదే మళ్లీ మళ్లీ రాయకండి. మనిషి గోడలో ఇరుక్కోవడం, సామాను నేలలోకి జారిపోవడం లాంటి లోపాలు అడపాదడపా వస్తాయి, వెనక్కి వెళ్లడానికి పాత సేవ్ ఒకటే గతి. ఎండాకాలం కరెంటు పోయే ఊళ్లు మనవి. డెస్క్‌టాప్ మీద ఆడేవాళ్లు యూపీఎస్ లేకుండా పెద్ద చొరబాటుకి దిగొద్దు. నెట్ గురించి దిగులక్కర్లేదు, ఒక్కరాడే గేమ్, దించుకున్నాక స్టీమ్‌ను (గేములు అమ్మే ఆన్‌లైన్ కొట్టు యాప్) ఆఫ్‌లైన్‌లో పెట్టి ఆడుకోవచ్చు. తెలుగు లేదు. చీటీలూ వి-మెయిళ్లూ ఇంగ్లీషులోనే, కానీ అన్నీ చిన్న వాక్యాలు, ఇంటర్ చదివే తమ్ముడికి అడ్డేమీ కాదు.

ఇద్దరు ఆడాలన్నారు కాబట్టి ఇది వినండి. నగరం తయారుచేసేటప్పుడు సీడ్ అని ఒక గుర్తు ఉంటుంది. అదే సీడ్, అదే సైజు ఇస్తే అదే నగరం, అవే మనుషులు వస్తారు. ఇద్దరూ విడివిడి సేవ్‌లతో ఒకే నగరంలో మొదలెట్టండి, వారం తర్వాత బోర్డులు పక్కపక్కన పెట్టి చూసుకోండి. మీరు చేసే పనుల్ని బట్టి కేసులు వేరే దారి పట్టొచ్చు గానీ, మనిషి గురించి ఎవరెంత పసిగట్టారో తెలిసిపోతుంది. మధ్యలో గేమ్ అప్‌డేట్ చేయకండి, కొత్త రూపంలో అదే సీడ్ వేరే నగరాన్ని ఇవ్వొచ్చు.

కొన్నాక నచ్చకపోతే, స్టీమ్‌లో 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. నగరం తయారవుతూ ఉన్న సమయం కూడా ఆ 2 గంటల్లోకే వస్తుంది. నేర్పించే మొదటి కేసే గంటకు పైగా పట్టొచ్చు. అందుకని మొదటిరోజు చిన్న నగరం పెట్టి, సెట్టింగులతో ఆటలాడకుండా నేరుగా ఆ కేసులోకే దిగండి. మొదటి ఇంట్లో శవం పక్కన కూర్చుని ముద్రలు వేరుచేస్తున్నప్పుడు టైము తెలియకపోతే ఉంచుకోండి, గడియారం వైపు చూపు పోతే అప్పుడే తిరిగిచ్చేయండి.