గేటు దాటని గుర్రం

ప్రశ్న: సార్, నమస్కారం. నాకు 27 ఏళ్లు. ధర్మసాగర్ దగ్గర మాకు రెండెకరాల తోట ఉంది. కిందటి చలికాలంలో నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాతరకు పోయి ఆరేళ్ల ఆడగుర్రాన్ని కొన్నాను. పేరు చాందిని. కొట్టంలో రెండు బర్రెల పక్కన కడతాం. మొదటి రెండు నెలలు ఎటు తిప్పితే అటు నడిచింది. ఇప్పుడు గేటు దాటి కాలువ మీది కల్వర్టు దాకా వచ్చి ఆగిపోతుంది. మడమలతో పొడిస్తే వెనక్కి నడుస్తుంది. గట్టిగా పొడిస్తే ఒకసారి ముందుకాళ్లు పైకెత్తింది. ఇంటివైపు తిప్పితే మాత్రం ఆపడం నా వల్ల కావడం లేదు. మా మామయ్య కొరడా పట్టమంటున్నాడు. అమ్మ దాన్ని అమ్మేయమంటోంది. జోడుగా ఇంకో గుర్రాన్ని తెస్తే మారుతుందా? మీరు పోయినసారి రాసిన గుర్రం బరువు లెక్క కోసం చాందినిని టేపుతో కొలిచాను: ఛాతీ చుట్టు 165, పొడవు 155 సెంటీమీటర్లు. నా బరువు 68 కిలోలు. సవారీ రోజూ సాయంత్రం, రాగానే ఉలవలు పెడతాను.
– ఒక పాఠకుడు, ధర్మసాగర్

జవాబు: తమ్ముడూ, నా చిన్న కొడుకు కంటే చిన్నవాడివి, అందుకే నువ్వు అనే రాస్తున్నా. మామయ్యకు నా నమస్కారం చెప్పి ఆ కొరడాను అటక మీద పెట్టించు.

ముందు లెక్క చూద్దాం. ఛాతీ చుట్టును దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే చాందిని బరువు సుమారు 355 కిలోలు వస్తుంది. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదని సవారీవాళ్లు పెట్టుకున్న హద్దు. అంటే 71 కిలోలు. నీ బరువే 68. జీను ఎంత లేదన్నా ఆరేడు కిలోలు ఉంటుంది. కొంచెం మించింది. నాలుగు కిలోలు తగ్గమని నీకు చెప్పడం సులువే, ఆ మాట నాకు డాక్టర్ చెప్పినప్పుడు మాత్రం కోపం వచ్చింది. ఎట్లాగూ మొదట్లో నిన్ను దాని మీద ఎక్కించను, కాబట్టి తొందరేం లేదు.

మొండితనం అనుకునే ముందు నొప్పి ఉందేమో చూడాలి. జీను తీసిన వెంటనే వీపు మీద చెమట ఎట్లా పట్టిందో చూడు. అంతా తడిగా ఉండి ఒకచోట మాత్రం అరచేతి మందాన పొడిగా ఉంటే జీను అక్కడ ఒత్తుతున్నదని అనుమానించు. వెన్నుకు రెండు వైపులా వేళ్లతో నెమ్మదిగా నొక్కుకుంటూ పో. వీపు కిందికి కుంగినా, చెవులు వెనక్కి పెట్టినా అక్కడ బాధ ఉన్నట్టే. గడ్డి నమిలి ముద్దలుగా కింద పడేస్తుంటే దవడ పళ్ల అంచులు పదునెక్కి ఉండొచ్చు, పశువైద్యుడికి చూపించి అరగదీయించాలి. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. చివరిసారి ఎప్పుడు చెక్కించావో గుర్తు రాకపోతే ఈ వారమే లాడాలు కొట్టే మనిషిని పిలువు. ఇంకొకటి, గుర్రం కడుపులో ఆమ్లం మేత ఉన్నా లేకున్నా ఊరుతూనే ఉంటుంది. ఖాళీ కడుపుతో పరిగెత్తిస్తే మంట. సవారీకి ముందు రెండు గుప్పిళ్లు ఎండుగడ్డి తినిపించు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే సంగతి వేరు. మొదటి రెండు నెలలు ఎందుకు నడిచిందంటావా? అప్పటికి మీ తోట దానికి ఇల్లు కాలేదు. ఎటు పోయినా ఒకటే. తర్వాత బర్రెలు తోడయ్యాయి, ఉలవలు ఏ వేళకు వస్తాయో తెలిసింది. ఇక నువ్వేం చేశావు? అది కల్వర్టు దగ్గర ఆగింది, నువ్వు పొడిచావు, అది వెనక్కి నడిచింది, విసిగిపోయి ఇంటివైపు తిప్పావు. ఇంటికి రాగానే జీను దిగింది, ఉలవలు వచ్చాయి. అంటే ఆగితే కూలి దొరుకుతుందని రోజూ సాయంత్రం నువ్వే నేర్పావు. అది బాగా చదివే పిల్ల, ఒంటపట్టించుకుంది.

మా నాయిన కాజీపేట స్టేషన్ నుంచి హన్మకొండ చౌరస్తాకు టాంగా తోలేవాడు. మా ఇల్లు మడికొండలో. ఒక ఎర్ర గుర్రం ఉండేది, ఊరి చివర చింతచెట్టు దగ్గరికి రాగానే నిలబడిపోయేది. పక్క టాంగావాళ్లు చర్నాకోల ఇస్తే నాయిన తీసుకోలేదు. "కొడితే ఇయ్యాల కదులుతది. రేపు ఈ చెట్టును చూస్తేనే వణుకుతది" అన్నాడు. పొద్దుటి మేతలో సగం గోనెసంచిలో నింపి, ఆ చింతచెట్టు కొమ్మకు కట్టేవాడు. గుర్రం అక్కడిదాకా వచ్చి తినేది. వారం తిరగకముందే చెట్టు కనపడితే నడక పెంచింది. అప్పుడు సంచి ఇంకో చెట్టుకు జరిగింది. అట్లా జరిగి జరిగి స్టేషన్ గేటు దాకా పోయింది. ఆ సంచి మోసుకుపోయే పని నాది, అందుకే ఇంత గుర్తు.

అంత చూసి కూడా ఇరవై రెండేళ్ల వయసులో నేను ఒక ఆడగుర్రాన్ని కొట్టాను. అది వెనక కాళ్ల మీద లేచి నిలబడింది, నేను పగ్గాలు లాగాను, ఇద్దరం వెనక్కి పడ్డాం. నా కాలర్ బోన్ విరిగింది. గుర్రం అట్లా లేచినప్పుడు పగ్గాలు లాగితే అది వెనక్కి పడొచ్చు. చాందిని మళ్లీ లేస్తే నువ్వు దాని మెడ మీదికి వంగి, పగ్గాలు వదులు చేసి, జూలు పట్టుకో. హెల్మెట్ లేకుండా ఎక్కకు, గట్టి పట్టీ ఉన్నది పెట్టుకో.

ఇక నువ్వు చేయాల్సింది. మొదటి వారం జీను వెయ్యకు. తలకట్టు వేసి, తాడు పట్టుకుని పక్కన నడువు. కల్వర్టు ఇవతల పది అడుగుల దూరంలో, అది ఆగకముందే, నువ్వే ఆగు. ఈ మాట మళ్లీ చదువు: అది ఆగకముందే. గడ్డి పెట్టు, మెడ గోకు, వెనక్కి తీసుకురా. మర్నాడు ఇంకో రెండడుగులు. గుర్రానికి కళ్లు పక్కలకు ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనపడుతుంది, కానీ సరిగ్గా ముక్కు కింద ఉన్నది కనపడదు. కింద నీళ్ల చప్పుడు, కాళ్ల కింద సిమెంటు, పక్కన గోడ నీడ. తల దించి వాసన చూస్తానంటే చూడనివ్వు, తాడు వదులుగా ఉంచు. దాటిన రోజు అవతల ఒడ్డున పావుగంట మేపు. ఇంటి దగ్గర మాత్రం రాగానే ఏమీ పెట్టకు. వాకిట్లో పది నిమిషాలు గుండ్రంగా దుల్కీ (నడకకూ పరుగుకూ మధ్య వేగం) నడిపించు, తర్వాత అరగంట ఊరికే కట్టెయ్. ఉలవలు ఆ తర్వాతే. ఇల్లంటే పని, బయట అంటే తిండి. ఈ తిరకాసు దానికి అర్థం కావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు.

ఎక్కిన తర్వాత కూడా అదే దారి. నిలబడిపోతే పొడవకు. ముఖం బయటివైపే ఉండేలా చూసి, పగ్గాలు వదిలి, ఊరికే కూర్చో. వెనక్కి నడిస్తే ఒక్క పగ్గంతో చిన్న గుండ్రం తిప్పి మళ్లీ బయటివైపే నిలబెట్టు. ఒక్క అడుగు ముందుకు వేసిందా, మెడ తట్టి, దిగిపో. అవును, అక్కడే దిగి, నడిపించుకుంటూ ఇంటికి రా. ఇంటివైపు తిప్పడం అది ఆగినందుకు కాదు, అడుగేసినందుకు అన్నట్టుండాలి. నేను ఒకసారి వడ్డేపల్లి చెరువు కట్ట మీద నలభై నిమిషాలు అట్లాగే కూర్చున్నాను. గొర్లు తోలుకుంటూ పోయే పిల్లగాడు ఒకడు ఆగి, "పెట్రోల్ అయిపోయిందా, తాతా?" అని అడిగాడు. అప్పటికి నాకు యాభై కూడా లేవు.

ఇంటికి వచ్చేటప్పుడు పరిగెత్తితే నోరు కోసుకుపోయేలా కళ్లెం బిగబట్టకు. వేగం పెంచిన ప్రతిసారీ వెనక్కి తిప్పి పది అడుగులు బయటికి నడిపించు, మళ్లీ ఇంటివైపు. మొదటి రోజు కల్వర్టు నుంచి గేటుకు గంట పట్టొచ్చు, ఇంట్లో ముందే చెప్పి పో.

ఇంకో గుర్రం మాత్రం కొనకు. గుర్రం మంద జంతువు, తోడు కావాలి, నిజమే. ఆ తోడు బర్రెలతో తీరుతున్నది. జోడు గుర్రం వస్తే ఈ రెండూ ఒకదాన్నొకటి విడవవు, అప్పుడు గేటు దగ్గరే సకిలింపులు మొదలవుతాయి. ఎవరైనా స్నేహితుడికి నెమ్మదైన గుర్రం ఉంటే వారానికోసారి రమ్మను. కల్వర్టు మీద అది ముందు నడిస్తే చాందిని వెనకే వస్తుంది. తర్వాత చాందినిని ముందు పెట్టు.

అమ్మతో ఒక మాట చెప్పు, బతుకమ్మ దాకా గడువు ఇమ్మని. అప్పటికీ కల్వర్టు దాటకపోతే అమ్మేయొచ్చు, కొనేవాడికి ఈ అలవాటు సంగతి దాచకుండా చెప్పి. వీపు మీద చెమట పట్టని పొడి చోటు కనపడితే మాత్రం అప్పటిదాకా ఆగకు, ఫోటో తీసి జీనుతో సహా పశువైద్యుడికి చూపించు. ఆ జీను గుర్రంతో పాటు జాతరలోనే కొన్నావా, వేరే గుర్రానిదా? అది రాయలేదు నువ్వు.