టెక్ సందేహాలు: రెండు మీటర్లూ కలిసి తప్పు చూపిస్తుంటే

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఈమధ్య 1973 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 4 కారు కొన్నాను. ట్యాంకు నింపితే పెట్రోలు ముల్లు ‘ఎఫ్’ దాటిపోతోంది, సగం ఉన్నప్పుడు ముప్పావు చూపిస్తోంది. టెంపరేచర్ ముల్లు కూడా వేడి వైపుకే వెళ్లి నిలుస్తోంది కానీ ఇంజను మరగడం లేదు. మీటర్లు రెండూ మార్చాలని విడిభాగాల దుకాణంలో చెప్పారు. ముందుగా ఏదైనా ఓబీడీ స్కానరుతో (కారు కంప్యూటరు గుర్తించిన లోపాలను చదివే పరికరం) పరీక్షించవచ్చా?

జవాబు: స్కానరు కొనకండి, మీటర్లూ కొనకండి. ఓబీడీ-2 అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది. మీ కారులో స్కానరుతో మాట్లాడగలిగే కంప్యూటరే లేదు. దీనికి చిన్న 12 వోల్టుల బల్బు, రెండు ముక్కల వైరు సరిపోతాయి.

రెండు మీటర్లు ఒకేసారి, ఒకే దిశలో తప్పు చూపిస్తున్నాయంటే విడివిడిగా రెండూ పాడయ్యాయనుకోవడం కంటే, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని ముందు అనుమానించడం న్యాయం. ఆ ఉమ్మడి భాగం డ్యాష్‌బోర్డు వెనుక ఉండే అగ్గిపెట్టె కంటే చిన్నదైన లోహపు డబ్బా, వోల్టేజి స్టెబిలైజర్. బ్యాటరీ వోల్టేజి ఇంజను ఆగి ఉంటే 12 దగ్గర, ఆల్టర్నేటరు ఛార్జి చేస్తుంటే 14 దగ్గర ఉంటుంది కాబట్టి, దానితో పాటు ముళ్లు ఊగిపోకుండా మీటర్లకు సగటున 10 వోల్టులే అందేలా ఇది చూస్తుంది. లోపల హీటింగ్ తీగ చుట్టిన ద్విలోహపు పట్టీ ఉంటుంది. అది వేడెక్కి వంగితే కాంటాక్టు విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. ఇలా వెలుగుతూ ఆరుతూ వచ్చే కరెంటునే మీటరు సగటు చేసి చూపిస్తుంది. మీటరులోనూ ముల్లును కదిపేది అలాంటి వేడెక్కే పట్టీయే కనుక ముల్లు నింపాదిగా పైకి లేస్తుంది. అది లోపం కాదు.

ఈ డబ్బాకు ఎర్త్ (కారు ఒంటి గుండా కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) తన ఒంటి ద్వారానే, అంటే బిగించిన స్క్రూ ద్వారానే అందుతుంది. యాభై ఏళ్ల తుప్పో, ఎవరో వేసిన పెయింటో అక్కడ అడ్డుపడితే హీటింగ్ తీగలో కరెంటు పారదు, కాంటాక్టు ఎన్నటికీ విడిపోదు, బ్యాటరీ వోల్టేజి మొత్తం మీటర్లకు చేరుతుంది. 10 బదులు 14 వోల్టులు అందితే మీటరు పట్టీలో పుట్టే వేడి దాదాపు రెట్టింపవుతుంది. మీ లక్షణాలు అచ్చంగా ఇవే.

పరీక్షించే ముందు బ్యాటరీ ఎర్త్ వైరు విప్పండి. ఆ కాలపు లూకాస్ (బ్రిటిష్ కార్లకు విద్యుత్ పరికరాలు చేసిన కంపెనీ) వైరింగులో గోధుమ రంగు వైర్లకు ఫ్యూజు ఉండదు, తాళంచెవి తీసేసినా వాటిలో కరెంటు ఉంటుంది. డ్యాష్‌బోర్డు వెనుక స్పానర్ తగిలితే కాలేది వైరింగే. స్టెబిలైజరు నుంచి మీటర్లకు వెళ్లే లేత ఆకుపచ్చ వైరుకూ, మంచి ఎర్త్‌కూ మధ్య బల్బు కలిపి, బ్యాటరీ తిరిగి తగిలించి ఇగ్నిషన్ వేయండి. కొన్ని క్షణాల తర్వాత బల్బు మినుకుమినుకుమనాలి. నిలకడగా వెలుగుతూనే ఉంటే డబ్బా ఒంటి నుంచి బ్యాటరీ నెగటివ్‌కు ఒక వైరు తాకించండి. అప్పుడు మినుకుమనడం మొదలైతే లోపం ఎర్త్‌దే. స్క్రూ దగ్గర గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే పైసా ఖర్చు లేకుండా పని పూర్తవుతుంది. ఇక్కడ డిజిటల్ మల్టీమీటరు కంటే బల్బే నయం, ఎందుకంటే ఎగిరి దూకే ఆ వోల్టేజికి డిజిటల్ తెరపై అంకెలు నిలవవు.

ఎర్త్ ఇచ్చినా మారకపోతే స్టెబిలైజరు మార్చాలి. మీకు సోల్డరింగ్ వస్తే 10 వోల్టులు నిలకడగా ఇచ్చే 7810 చిప్‌తో సొంతంగా చేసుకోవచ్చు. అయితే అది 10 వోల్టులు నికరంగా ఇవ్వాలంటే లోపలికి దాదాపు 12 వోల్టులు రావాలి కనుక, ఇంజను ఆపి ఉన్నప్పుడు రీడింగు కాస్త తగ్గవచ్చు. లోపలికి వచ్చే వోల్టేజి కాస్త తక్కువైనా పనిచేసే లో-డ్రాపౌట్ రకం దొరికితే అదే మేలు. 1973 కారుకు నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ నెగటివ్ కారు ఒంటికి కలిపి ఉంటుంది) కాబట్టి ఎలక్ట్రానిక్ భాగాన్ని తిరగేసి కలిపే ప్రమాదం తక్కువే అయినా, మధ్యలో ఎవరైనా వైరింగు మార్చారేమో చూసుకోండి.

ఆ తర్వాత కూడా పెట్రోలు మీటరు ఒక్కటే తప్పు చూపిస్తే, దాని వెనుక ఆకుపచ్చ-నలుపు వైరు విప్పి, ఆ టెర్మినలుకూ ఎర్త్‌కూ మధ్య 68 ఓముల, 1 వాట్ రెసిస్టరు కలపండి. ముల్లు సగం దగ్గర నిలిస్తే మీటరు బాగుంది, ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచే ఫ్లోటు పాడైంది. ఈ పరీక్ష ట్యాంకు దగ్గర చేయకండి. పెట్రోలు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంజను వేడి గురించి బెంగ ఉంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును థర్మోస్టాట్ హౌసింగుపై (ఇంజను నుంచి వేడి నీరు బయటికి వచ్చే చోటు) పెట్టి చూడండి.

ప్రశ్న: గుంటూరులో మా నాన్నగారి స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. తక్కువ వేగంలో స్పీడోమీటరు ముల్లు అటూఇటూ ఊగుతోంది. జీపీఎస్ యాప్ చూస్తూ నడపడమే మార్గమా?

జవాబు: పైన చెప్పిన స్పిట్‌ఫైర్‌కు మీ హెరాల్డ్ దగ్గరి బంధువే, దాని ఛాసీని కుదించే స్పిట్‌ఫైర్‌ను తయారుచేశారు. మద్రాసులో తయారైన మీ బండిలో స్పీడోమీటరును తిప్పేది విద్యుత్తు కాదు, గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబులు. ముల్లు ఊగుతోందంటే లోపలి తీగ ఎండిపోయింది, లేదా కేబులు ఎక్కడో మరీ ఎక్కువగా వంగింది. తీగ బయటికి లాగి తుడిచి, నేల మీద దొర్లించి చూడండి. ఒకచోట ఎగిరిపడితే అక్కడ వంపు పడినట్టే, మార్చాలి. బాగుంటే పలుచగా గ్రీజు రాయండి కానీ, మీటరు వైపు చివర జానెడు మేర వదిలేయండి. గ్రీజు మీటరులోకి ఎక్కితే అయస్కాంతానికీ, దాని చుట్టూ ఉండే అల్యూమినియం గిన్నెకూ మధ్య జిగురై, ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ వేగం చూపిస్తుంది. మెకానిక్కులు ఉదారంగా నూనె పోసేది సరిగ్గా అక్కడే! మీటరు బాగుచేశాక రీడింగు సరిచూసుకోవడానికి యాప్‌ను వాడండి. కొత్త కేబులు దొరకకపోతే స్పీడోమీటర్లు బాగుచేసే దుకాణంలో పాత తీగ కొలతతో మరొకటి చేయించుకోవచ్చు.