ఇంటిపని, అనారోగ్యం మధ్య నాటకాలు రాయడం కుదురుతుందా?

ప్రశ్న అడిగినవారి బాధ క్లుప్తంగా ఇది: నాటకాలు రాయాలని ఎప్పటినుంచో ఉంది, ఇంటిపనితోనే పొద్దు గడిచిపోతోంది, పైగా ఒంట్లో బాగుండదు, ఇలాంటప్పుడు రాసేవాళ్లు రోజును ఎలా సర్దుకుంటారు అని. దీనికి జవాబు చెప్పే హక్కు నాకు కాస్త ఉందనుకుంటున్నాను. మా ఆవిడ ఉద్యోగానికి వెళ్తుంది, నేను ఇంటిపట్టునే ఉంటాను, కాబట్టి గిన్నెలు, బట్టలు, ఊడవడం, పిల్లను బడికి తయారుచేయడం అన్నీ నా చేతి మీదుగానే జరుగుతాయి. థైరాయిడ్ తక్కువగా ఉంది, రోజూ మాత్ర వేసుకోవాలి. వీటి మధ్యే నాటికలు రాస్తాను. పేరున్న రచయితను కాను, కానీ నేను రాసినదాన్ని నటులు చదవగా విన్నాను, ఒక నాటిక స్టేజీ కూడా ఎక్కింది.

టైమ్‌టేబుల్ వేసుకోండి, తెల్లవారుజామున నాలుగింటికే లేవండి లాంటివి నేను చెప్పను. అలాంటి సలహాలు ఇచ్చేవాళ్లకు ఒంట్లో ఓపికైనా ఉంటుంది, ఇంట్లో పనులు చేసిపెట్టే మనిషైనా ఉంటారు. నిద్ర చంపుకుని రాసిన డైలాగులు మర్నాడు చదివి చూడండి, పాత్రలన్నీ ఒకేలా మాట్లాడుతుంటాయి. అలసిపోయిన బుర్రకు తన గొంతు తప్ప ఇంకొకరి గొంతు వినపడదు. ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా నేను ఒప్పుకోను.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నాటకం నోటితో రాసేది. నవల రాసేవాళ్లకు బల్ల కావాలి, కుర్చీ కావాలి, నాలుగు గంటలపాటు ఎవరూ పిలవని గది కావాలి. నాటకంలో ప్రతి మాటా చివరికి ఎవరో ఒకరి నోటినుంచి పైకి రావలసిందే కాబట్టి, చేతులు పనిలో ఉన్నా నోరు ఖాళీగా ఉంటే పని సాగుతుంది. ఇంటిపనిలో ముప్పాతిక భాగం సరిగ్గా అలాంటిదే. అన్నీ కాదు. వంట పనికిరాదు, పొయ్యి మీద ఒక కన్ను ఉండాలి, అక్కడ డైలాగు పెడితే రెండూ చెడతాయి. పిల్లలతో హోంవర్క్ చేయించేటప్పుడూ కుదరదు. బట్టలు మడతపెట్టడం మాత్రం ఇద్దరు మనుషులు మాట్లాడుకునే సీనుకు చాలా బాగుంటుంది, ఒక మడతకు ఒకరు, ఇంకో మడతకు ఇంకొకరు అన్నట్టు మాట వెంట మాట వస్తుంది. గిన్నెలు తోమడం అన్నిటికంటే మేలు. ఎందుకో చెప్తాను.

ఒక అక్కాతమ్ముళ్ల నాటిక రాస్తున్న రోజులవి. తల్లి పోయింది, ఇల్లు అమ్మేద్దామని తమ్ముడు కాగితాలు పట్టుకుని వస్తాడు, అక్కకు ఇష్టం లేదు. కథంతా అంతే. సంతకం పెట్టమని తమ్ముడు అడిగే చోట నాటిక ఆగిపోయింది. బల్ల దగ్గర కూర్చున్నప్పుడల్లా అక్క పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టేది: అమ్మ ఈ ఇంట్లో ఎలా బతికింది, ఏ గోడకు ఏ గుర్తు ఉంది, నువ్వు పుట్టినప్పుడు ఏమైంది, అని ఒకటిన్నర పేజీ. చదవడానికి బాగానే ఉండేది. పైకి చదివితే మాత్రం తమ్ముడు ఆ ఒకటిన్నర పేజీసేపూ ఎందుకు నోరుమూసుకుని నిలబడ్డాడో నాకే అర్థమయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం పాలు అడుగంటిన గిన్నె ఒకటి ముందేసుకుని తోముతున్నాను. అడుగున నల్లగా అట్టకట్టి ఉంది, నానబెట్టినా పూర్తిగా వదల్లేదు, స్టీలు పీచుతో రుద్దాల్సి వచ్చింది. రుద్దుతూ అలవాటుగా తమ్ముడి మాట పైకి అన్నాను, "సంతకం పెట్టక్కా" అని. వెంటనే అక్క ఉపన్యాసం మొదలుపెట్టబోతే పీచు చప్పుడులో నా మాట నాకే వినపడలేదు. రుద్దడం ఆపి మళ్లీ తమ్ముడి మాట అన్నాను. ఈసారి నా నోటినుంచి వచ్చింది ఇది: "చేతులు తడిగా ఉన్నాయిరా."

అంతే. ఉపన్యాసం లేదు. నేను అలాగే నిలబడిపోయాను. అక్క వాడి వైపు తిరగనే తిరగదు, ఆమె ముందు ఒక మాడిన గిన్నె ఉంది, చేతులు తడిగా ఉన్నంతసేపు సంతకం పెట్టడం కుదరదు, కాబట్టి చేతులు ఆరనివ్వదు! తమ్ముడు "తుడుచుకో" అంటాడు. ఆమె ఇంకా గట్టిగా రుద్దుతుంది. కాసేపటికి "మాడిన వాసన ఇంకా పోలేదురా" అంటుంది. వాడు కలం గట్టు మీద పెట్టి కూర్చుంటాడు. ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తున్నాయి. రికార్డు చేద్దామని ఫోను తీస్తే తడి వేళ్లకు స్క్రీను పనిచేయలేదు, చేతులు చొక్కాకు తుడుచుకుని సీను మొత్తం రెండు గొంతులతో చెప్పుకుంటూ పోయాను. మా ఆవిడ ఆ రోజు ముందుగా వచ్చినట్టుంది, గుమ్మం దగ్గరనుంచి "ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?" అంది. ఆ మాట కూడా రికార్డులో ఉంది.

తర్వాత నటులతో కూర్చుని చదివించినప్పుడు, అక్క పాత్ర చదివినావిడ రెండు పేజీలు చదివి ఆగి, నిజం గిన్నె ఒకటి కావాలని అడిగింది. ఇచ్చాం. నీళ్లు లేవు, సబ్బు లేదు, పొడి గిన్నె, పీచు మాత్రమే. "సంతకం పెట్టక్కా" అన్నాక ఆమె రుద్దడం మొదలుపెడితే ఆ చప్పుడు ఎంతసేపు సాగితే తమ్ముడు అంతసేపు నిలబడక తప్పలేదు. ఎప్పుడు ఆపాలో ఆమే కనిపెట్టింది: "నేను పెట్టను" అనే మాటకు ముందు కాదు, ఆ మాట అనేశాక, ఒక క్షణం ఆలస్యంగా. ఆ ఆపడం బల్ల దగ్గర కూర్చుని ఉంటే నాకు జన్మలో తట్టేది కాదు. ఇంకో సంగతి, చప్పుడు చేసే వస్తువు ఏది సీనులో పెట్టినా మాటలు ఆ చప్పుడు సందుల్లో పడేలా చిన్నగా రాయాలి, పొడుగు వాక్యాలు మునిగిపోతాయి. ఇది ఏ వర్క్‌షాపులోనూ నాకెవరూ చెప్పలేదు.

అందుకే ఇంటిపని అడ్డం అని మీరు రాసింది నాకు సగమే నిజమనిపిస్తుంది. అడ్డమయ్యేది పని కాదు, పని మధ్యలో వచ్చే మనుషులు. ఇంట్లో ఉండే మనిషి ఎప్పుడూ ఖాళీ అని అందరికీ ఒక గట్టి నమ్మకం. "ఇంట్లోనే ఉంటారుగా, కాస్త ఆ పని చూసిపెట్టండి" అని పక్కింటివాళ్లనుంచి చుట్టాలదాకా అందరూ అంటారు, మగవాడు ఇంట్లో ఉంటే ఇంకాస్త ఎక్కువే అంటారు. రాస్తున్నాను అంటే "దానికి డబ్బులొస్తాయా?" అంటారు. నాటకం అంటే "సినిమాకు రాయొచ్చుగా" అంటారు, ఏదో నేను దారి తెలియక ఇటు వచ్చినట్టు. నాకు కావలసింది ఎదురుగా ఊపిరి పీల్చే మనిషి, అతని ముందు కూర్చుని ఊపిరి బిగబట్టే ఇంకో మనిషి. అది సినిమాలో లేదు, నేను వెళ్లను.

ఇక ఆరోగ్యం. దీని గురించి మాట్లాడేటప్పుడు నాకు కోపం వస్తుంది, ముందే చెప్తున్నాను. నాకు జబ్బు బయటపడకముందు చాలాకాలం మధ్యాహ్నమయ్యేసరికి కళ్లు మూతపడేవి, రాస్తున్న నాటికలో నేనే పెట్టిన పాత్రల పేర్లు గుర్తుండేవి కావు, రెండు పేజీలు చదివితే మొదటి పేజీ మర్చిపోయేవాణ్ని. రాసే స్నేహితులు దాన్ని రచయితలకు వచ్చే స్తబ్ధత అన్నారు, కొన్నాళ్లు ఎక్కడికైనా వెళ్లిరమ్మన్నారు. ఒక డాక్టరు టెన్షన్ అని విటమిన్లు రాశారు. చివరికి ఇంకొకరు థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష చేయిస్తే ఒక్క రక్తపు చుక్క దగ్గర విషయం తేలిపోయింది. ప్రతిభ తగ్గిపోయిందని కుమిలిపోయిన కాలమంతా ఒంట్లో హార్మోను తగ్గి ఉంది, అంతే. మీరు కూడా "మూడ్ రావడం లేదు" అని నెలలతరబడి అనుకుంటుంటే, ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ బి12, షుగరు, ఇవి చూపించుకోండి. ఆ తర్వాత మీ ప్రతిభను అనుమానించవచ్చు.

థైరాయిడ్ మాత్ర సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. పొద్దున్నే పరగడుపున నీళ్లతో వేసుకోవాలి, తర్వాత అరగంటనుంచి గంటదాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు, తాగితే మందు ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం, ఐరన్ మాత్రలు ఉంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆ కాఫీ లేని గంట నాకు మొదట్లో నరకంలా ఉండేది. ఇప్పుడు రోజు మొత్తంలో నేను కూర్చుని రాసేది ఆ గంటే. అప్పటికి ఇంట్లో ఎవరూ లేవరు, పొయ్యి వెలిగించాల్సిన పని లేదు, తినడానికీ తాగడానికీ లేవను. ముందురోజు గిన్నెల దగ్గర ఫోనులో చెప్పుకున్నది విని కాగితం మీద పెడతాను. కొత్తగా ఏదీ కల్పించను, నోటికి వచ్చినదాన్ని సరిచేస్తాను. మోతాదు మార్చినప్పుడు దాని ఫలితం పరీక్షలో తెలియడానికి ఆరునుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఆ వారాల్లో రాసింది ఏదీ చించను, పారేయను, పక్కన పెడతాను. నా ఒళ్లు నిలకడగా లేనప్పుడు నా తీర్పూ నిలకడగా ఉండదు.

కళ్లు, మెడ గురించి ఒక్క మాట. స్క్రీను చూసేటప్పుడు మనం రెప్పలు తక్కువగా ఆడిస్తాం, అందుకే కళ్లు పొడిబారతాయి. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమంటారు కంటి డాక్టర్లు. నేనైతే ఆ పూట లేచి నిలబడి, రాసిన పేజీ గోడకు వినిపిస్తాను, మెడకూ మంచిదే, డైలాగుకూ మంచిదే.

జబ్బు ఉంటేనే గొప్ప రచన వస్తుందనే మాట ఒకటి తిరుగుతుంటుంది, అది వింటే ఒళ్లు మండుతుంది. రష్యన్ నాటకకర్త చెహోవ్ పేరు చెప్తారు. ఆయన స్వయంగా డాక్టరు, క్షయతో బాధపడుతూ 1903లో తన చివరి నాటకం పూర్తిచేశాడు, దాన్ని 1904 జనవరిలో మాస్కోలో ప్రదర్శించారు, ఆ జూలైలోనే 44 ఏళ్లకు పోయాడు. జబ్బు ఆయన చేత నాటకం రాయించలేదు, ఆ తర్వాత రాయబోయే నాటకాలన్నిటినీ మింగేసింది. యూజీన్ ఓనీల్ సంగతి ఇంకా ఘోరం. క్షయ రోగులను ఉంచే శానటోరియంలో ఉండగానే నాటకకర్త కావాలని నిర్ణయించుకున్న మనిషి, 1936లో నోబెల్ కూడా వచ్చింది, తర్వాత చేతులు వణికి పెన్సిలు నిలవక, 1943 తర్వాత 1953లో చనిపోయేదాకా ఒక్క నాటకమూ పూర్తిచేయలేకపోయాడు. నోటితో చెప్పి ఇంకొకరి చేత రాయించాలని చూశాడు, కుదరలేదు, ఆయన ఆలోచనకు పెన్సిలే కావాలి. నేను నోటితో రాయడం ఇప్పుడే, చేతులు బాగున్నప్పుడే అలవాటు చేసుకోమని అందరినీ ఇంతగా పట్టుబట్టి అడగడానికి ఇదొక కారణం.

మీ ఆరోగ్య సమస్య ఏమిటో మీరు రాయలేదు. మందులు వాడుతుంటే ఏ మందు ఏ పూట మత్తుగా ఉంచుతుందో, ఏ పూట తేలిగ్గా ఉంచుతుందో డాక్టరును సూటిగా అడగండి, వేళ మార్చుకునే వీలుందేమో కూడా అడగండి, మీ అంతట మీరు మార్చకండి. తేలిగ్గా ఉండే పూట ఎంత చిన్నదైనా సరే దాన్ని ఇంట్లోవాళ్లకు చెప్పి కాగితానికి కేటాయించండి, మిగతాదంతా నోటికి వదిలేయండి. సీను ఒకటి తయారయ్యాక దాచుకోకుండా ఎవరి చేతనైనా చదివించండి. మామూలుగా స్క్రిప్టు పేజీకి ఒక నిమిషం అనుకుంటారు, కాబట్టి పది పేజీల సీనుకు ఎవరి సమయమూ పెద్దగా పోదు. నటులు దొరక్కపోతే ఇంట్లోవాళ్లే చదువుతారు, నటించనక్కర్లేదు, మామూలుగా చదివితే చాలు. మీరు మాత్రం కాగితం చూడకుండా వినండి, వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిలుతో గీత పెట్టమనండి.