డర్బన్‌లో పీహెచ్‌డీ: మొదటి ఏడాది అనుమతులకే ఉంచుకోండి

"అక్కా, ఇంగ్లండ్‌లో ఫెలోషిప్ రాలేదు. డర్బన్‌లో ఒక ప్రొఫెసర్ తీసుకుంటానంటున్నారు. ఆఫ్రికా డాక్టరేట్‌కి మన దగ్గర విలువ ఉంటుందా?" అని ఒక చెల్లెలు అడిగింది. మైక్రోబయాలజీలో ఎంఎస్సీ చేసింది. ఇదే సందేహం ఇంతకుముందూ కొందరు అడిగారు కాబట్టి అందరికీ పనికొచ్చేలా రాస్తున్నాను. నేను దక్షిణాఫ్రికాకి వచ్చి పదిహేనేళ్లు దాటింది. ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ ఇక్కడే చేశాను, ఇక్కడే పని చేసుకుంటున్నాను.

ముందు విలువ సంగతి. క్షయ మీద, హెచ్ఐవీ మీద పని చెయ్యాలనుకుంటే డర్బన్‌ని ఎక్కడా సీటు రానివాళ్లు వెళ్లే ఊరు అనుకోకండి. ఈ రెండు జబ్బుల గురించి తెలుసుకోవడానికి ప్రపంచమే ఇక్కడికొస్తుంది. డర్బన్ ఉన్న క్వాజులూ-నటాల్ ప్రావిన్స్‌లోనే టుగేలా ఫెర్రీ అని చిన్న ఊరుంది. దాదాపు ఏ మందుకీ లొంగని ఎక్స్‌డీఆర్ క్షయ ఎంత ప్రాణాంతకమో 2006లో అక్కడి రోగుల వివరాలు బయటికొచ్చాకే లోకానికి తెలిసింది. 53 మందిలో 52 మంది పోయారు. 2010లో సలీం అబ్దుల్ కరీం, కురైషా అబ్దుల్ కరీం దంపతుల సంస్థ కాప్రిసా 889 మంది మహిళలతో చేసిన టెనోఫోవిర్ అనే హెచ్ఐవీ మందు జెల్ ప్రయోగంలో హెచ్ఐవీ సోకడం 39 శాతం తగ్గింది. తర్వాత జరిగిన పెద్ద ప్రయోగంలో ఆ జెల్ నిలబడలేదు. అయినా ఆడమనిషి ఎవరినీ అడగక్కర్లేకుండా తన చేతిలో ఉన్న మందుతో తనను తాను కాపాడుకోవచ్చన్న ఆలోచనకి బలం వచ్చింది ఇక్కడి నుంచే. 2021 నవంబరులో ఒమిక్రాన్‌ని గుర్తించి ప్రపంచాన్ని హెచ్చరించింది కూడా దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా శాస్త్రవేత్తలే. కాబట్టి చెల్లీ, ఆ ప్రశ్న పక్కన పెట్టు. నువ్వు ఎవరి దగ్గర చేరుతున్నావు, ఏ పని మీద చేరుతున్నావు అన్నది చూసుకో.

ఇక్కడ గైడ్ ఒప్పుకున్నాకే అడ్మిషన్ కదులుతుంది. పీహెచ్‌డీ అంటే ఎక్కువ చోట్ల పూర్తిగా థీసిసే, మన దగ్గరలా కోర్స్‌వర్క్ పరీక్షలు ఉండవు. థీసిస్‌ని బయటి ఎగ్జామినర్లు చదివి రాతలో తీర్పు చెబుతారు. కొన్ని యూనివర్సిటీల్లో వైవా కూడా ఉండదు. వినడానికి హాయిగా ఉంటుంది గానీ, రోజూ నిన్ను అడిగేవాళ్లు ఎవరూ ఉండరని దీని అర్థం. వారానికోసారి కలిసే గైడా, మూడు నెలలకోసారి కలిసే గైడా అన్నది ముందే కనుక్కో. ఆయన దగ్గర ఇప్పుడు చేస్తున్న ఇద్దరికి మెయిల్ పెట్టి అడిగితే దాచకుండా చెబుతారు. ఇంకో మాట. గుర్తింపు ఉన్న జర్నల్లో వచ్చే ప్రతి పేపర్‌కీ ఇక్కడి ప్రభుత్వం యూనివర్సిటీకి సబ్సిడీ ఇస్తుంది. అందుకే థీసిస్‌తో పాటు పేపర్లు కూడా అడుగుతారు. ఆ పేపర్లలో మొదటి పేరు ఎవరిదో చేరకముందే మాట్లాడుకోవడం తప్పు కాదు.

మన డిగ్రీలు ఇక్కడ ఏ మెట్టు మీద నిలబడతాయో సాక్వా అనే ప్రభుత్వ సంస్థ చెబుతుంది. ఇక్కడ మూడేళ్ల డిగ్రీ తర్వాత ఆనర్స్ అని ఏడాది ఉంటుంది, ఆ తర్వాతే మాస్టర్స్. 'మనది ఎంఎస్సీ కదా, నేరుగా పీహెచ్‌డీయే' అని ఊహించుకోకుండా ఆ కాగితం ముందు తెప్పించుకోండి.

అసలు నేను చెప్పాలనుకున్నది అనుమతుల గురించి. కొత్తగా వచ్చిన మనవాళ్లు ఎక్కువగా చతికిలపడేది ఇక్కడే. మనుషుల మీద చేసే ఏ పరిశోధనైనా యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ దాటాలి. ఆ తర్వాత ప్రావిన్స్ ఆరోగ్యశాఖ అనుమతి, జిల్లా ఆఫీసు సంతకం, చివరికి క్లినిక్ మేనేజరు మాట. పల్లెల్లో అయితే అక్కడి ఇందునా దగ్గరికి, ఆయన ద్వారా ఇన్‌కోసి దగ్గరికి కూడా వెళ్లాలి. ఇందునా అంటే ఊరి పెద్ద, ఇన్‌కోసి అంటే ఆ ప్రాంతానికి సంప్రదాయ అధిపతి. ఏ ఒక్కటి తప్పినా పని ఆగిపోతుంది. కొత్త మందు ప్రయోగమైతే సాఫ్రా అనే నియంత్రణ సంస్థ అనుమతి వేరే.

నా దరఖాస్తు రెండుసార్లు వెనక్కొచ్చింది. మొదటిసారి కన్సెంట్ ఫారం గురించి, అంటే పరిశోధనలో పాల్గొనేవాళ్లు ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితం. నాలుగు పేజీలు, అంతా వకీలు భాష. ఇక్కడి జనం భాష జులూలోకి చేయించిన అనువాదం ఇంకా గట్టిపడింది. రెండోసారి ఒకే ఒక్క వాక్యం గురించి. 'మిగిలిన రక్త నమూనాను మునుముందు పరిశోధనలకు వాడుకోవచ్చు' అని మిగతా సంగతులతో కలిపేసి రాశాను. దానికి విడిగా అడగాలి, ఒప్పుకోవడానికో కాదనడానికో విడిగా గడి ఉండాలి అన్నారు. ఇలా పోయిన ఐదు నెలలూ నాకు ఏడుపొచ్చింది. వాళ్లు ఎందుకంత పట్టుబట్టారో ఫీల్డ్‌కి వెళ్లాక గానీ అర్థం కాలేదు.

ఈ దేశంలో చర్మం రంగు చూసి మనుషుల్ని విడగొట్టిన చట్టాలు 1990ల దాకా నడిచాయి. ఎవరో వచ్చి కొలతలు తీసుకోవడం, రక్తం తీసుకోవడం, ఫొటోలు తీసుకోవడం, మళ్లీ కనబడకపోవడం ఇక్కడి పెద్దవాళ్లకి కథ కాదు. దక్షిణ ఆఫ్రికా మూలవాసులైన శాన్ జాతివాళ్ల జన్యుక్రమం మీద 2010లో ఒక పేపర్ వచ్చింది. అనుమతి తీసుకున్న తీరు మీదా, అందులో వాళ్ల గురించి రాసిన తీరు మీదా శాన్ నాయకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2017లో వాళ్లే పరిశోధకులకి ఒక నియమావళి రాసి ఇచ్చారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, సరైన పద్ధతి అని చాలా సూటిగా ఉంటుంది. నీ టాపిక్ ఏదైనా సరే, అది చదువు.

కన్సెంట్ ఫారం విషయంలో నాకు పనికొచ్చిన చిట్కా ఒకటి చెబుతాను. ముందు దాన్ని తెలుగులో రాసుకో. ఫోన్‌లో మీ అమ్మకో అమ్మమ్మకో చదివి వినిపించు. 'ఇంతకీ నన్నేం చేస్తావే? వద్దంటే మందులు ఆపేస్తారా?' అని ఆవిడ అడిగిందంటే ఆ రెండు జవాబులూ నీ ఫారంలో లేవన్నమాట. అవి రాసి, అప్పుడు జులూలోకి పంపు. అనువాదమయ్యాక, మొదటి కాపీ చూడని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించు. ఎక్కడ అర్థం మారిందో బయటపడుతుంది.

ఎంబీబీఎస్ చదివి వచ్చేవాళ్లకి ఒక ముక్క. పరిశోధన పేరుతోనైనా రోగిని ముట్టుకోవాలంటే ఇక్కడ డాక్టర్లని నమోదు చేసే మండలి హెచ్‌పీసీఎస్‌ఏలో రిజిస్టర్ అవ్వాల్సిందే. నమూనాలు హైదరాబాద్ ల్యాబ్‌కి పంపించి చౌకగా పరీక్ష చేయిద్దామనుకునేవాళ్లు కూడా ఆగండి. దేశం దాటించాలంటే ఎగుమతి పర్మిట్, రెండు సంస్థల మధ్య ఒప్పందం కావాలి. 2021 జులై నుంచి వ్యక్తిగత సమాచారం కాపాడే పోపియా చట్టం కూడా పూర్తిగా అమల్లో ఉంది. రోగుల పేర్లున్న ఎక్సెల్ ఫైలు లాప్‌టాప్‌లో పెట్టుకుని తిరగకూడదు.

ఎంఈడీ చేసి విద్యారంగంలో పరిశోధనకి వచ్చేవాళ్లు తక్కువ, నిజానికి రావాలి. ఇక్కడ ఎక్కువమంది పిల్లలు మూడో తరగతి దాకా ఇంటి భాషలో చదివి నాలుగులో ఇంగ్లీషుకి మారడం చాలాకాలంగా నడిచిన పద్ధతి. చాలా దేశాల్లో పిల్లలు ఎంత బాగా చదవగలరో కొలిచే పిర్ల్స్ పరీక్షలో, 2021లో, నాలుగో తరగతి పిల్లల్లో 81 శాతం మంది చదివింది అర్థం చేసుకోలేకపోయారు. పరీక్ష పెట్టింది వాళ్ల బడి భాషలోనే, ఇంగ్లీషులో మాత్రమే కాదు. తెలుగు మీడియమా ఇంగ్లీషు మీడియమా అన్న గొడవ మధ్య పెరిగిన మనకి ఆ పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో కొంతైనా తెలుస్తుంది. బళ్లకి వెళ్లాలంటే ప్రావిన్స్ విద్యాశాఖ అనుమతి, హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకం, పైగా పిల్లవాడి ఒప్పుదల. విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, చివరి టర్మ్‌లో పరీక్షల వేళ సాధారణంగా రానివ్వరు. అందుకని క్యాలెండరు వెనక నుంచి లెక్కేసుకోండి.

డబ్బు సంగతి దాచను. జాతీయ పరిశోధన నిధులు ఎక్కువభాగం ఇక్కడి పౌరులకే, అది న్యాయమే. గైడ్ ప్రాజెక్టులో నీకు ఎంత ఉంది, ఎన్నేళ్లు ఉంది అన్నది మెయిల్‌లో రాయించుకో. 'వచ్చాక చూద్దాం' అంటే బయల్దేరకు. స్టడీ వీసా మీద వారానికి 20 గంటల దాకా పని చెయ్యొచ్చు గానీ దాన్ని నమ్ముకుని రాకూడదు. వీసాకి పోలీస్ క్లియరెన్స్, ఇక్కడ రిజిస్టరైన మెడికల్ స్కీమ్, అంటే ఆరోగ్య బీమా, కావాలి. మన ట్రావెల్ ఇన్సూరెన్స్ సరిపోదు. పొడిగింపుకి గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి.

కెన్యా, ఉగాండా వెళ్లేవాళ్లకి కూడా దారి ఇలాగే ఉంటుంది. కెన్యాలో నాకోస్టి అనే ప్రభుత్వ సంస్థ లైసెన్సు, ఉగాండాలో సైన్స్ అండ్ టెక్నాలజీ జాతీయ మండలి పర్మిట్. కెన్యా తీరంలో కిలిఫీలో మలేరియా మీద పని 1989 నుంచి సాగుతోంది. ఉగాండా రాజధాని కంపాలాలో మకెరెరే యూనివర్సిటీ 1922 నాటిది.

ఇక్కడ మనవాళ్లు ఉంటారా అని అందరూ అడుగుతారు. ఉన్నారు, కానీ నువ్వనుకునే రకంగా కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటలకి కూలీలుగా ఆ ఓడలోనూ, తర్వాత వచ్చిన ఓడల్లోనూ తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల మునిమనవలు నైడూలు, రెడ్డీలు. వాళ్ల ఆంధ్ర మహాసభ 1931 నుంచి ఉంది. ఇళ్లలో తెలుగు దాదాపు పోయింది, భజనల్లో మిగిలింది. 'మీకు తెలుగు రాదా' అని మాత్రం అనకండి. వాళ్లు ఏం పోగొట్టుకుని ఇక్కడ నిలబడ్డారో తెలుసుకున్నాక నాకు ఆ మాట నోట రాలేదు. నువ్వే రెండు పద్యాలు నేర్పితే ఎంతో సంతోషిస్తారు.

జులూ కొంచెం నేర్చుకునే రా. ఒక్కరికైతే సావుబోనా, పదిమందికైతే సానిబోనానీ. పలకరించకుండా పని మాట మొదలుపెట్టడం ఇక్కడ అమర్యాద.

మొదటిసారి ఇందునా ఇంటికి వెళ్లినప్పుడు ఆయన నా కాగితాలేవీ చూడలేదు. ఇంతకుముందు వచ్చినవాళ్లు ఏం కనుక్కున్నారో ఇప్పటిదాకా మాకు చెప్పలేదు, నువ్వు చెబుతావా అన్నారు. చెబుతానన్నాను. మూడున్నరేళ్ల తర్వాత, థీసిస్ ఇచ్చిన నెలలో, ఒక పేజీ జులూలో రాయించుకుని వెళ్లి చదివాను. వెనక కూర్చున్న ఒక గోగో, అంటే అమ్మమ్మ, మందులు మధ్యలో ఆపేసినవాళ్లు అలా ఎందుకు చేశారో అడిగింది. బస్సు ఛార్జీలన్నాను. అది మాకు ముందే తెలుసు, ఇప్పుడు ఆ మాట పెద్ద ఆఫీసులో ఎవరికి చెబుతున్నావు అంది. ప్రావిన్స్ ఆరోగ్యశాఖకి కాపీ పంపింది ఆ తర్వాతే. కాబట్టి చెల్లీ, ప్రపోజల్ బడ్జెట్‌లో ఆ తిరుగు ప్రయాణానికి డబ్బు, ఒక వారం రోజులు ఇప్పుడే రాసిపెట్టు.